ఎలక్ట్రానిక్ హార్మోనికా కంట్రోలర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ వాద్యం కొత్తగా చేతికి వచ్చినవాళ్లెవరైనా వారం తిరిగేసరికి దాదాపు ఒకే సందేహాలతో వస్తున్నారు. విడివిడిగా జవాబులు రాసీ రాసీ విసుగొచ్చి అన్నీ ఒకచోట చేర్చాను. వరసగా చదవాల్సిన పనిలేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి. ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను.

## కొనేముందు

ఇది హార్మోనికానా, సింథసైజరా?

రెండూ కాదు. చూపుకీ పట్టుకీ మౌత్ ఆర్గానే గానీ లోపల రీడ్లు, అంటే గాలికి కంపించే సన్నని లోహపు పట్టీలు, ఉండవు. రంధ్రాల వెనక పీడనాన్ని కొలిచే చిన్న సెన్సర్లు ఉంటాయి. ఊదితే పీడనం పెరుగుతుంది, పీలిస్తే తగ్గుతుంది. ఏ రంధ్రంలో, ఎటువైపు, ఎంత బలంగా అన్నది అంకెలుగా మారి మిడి (ఎలక్ట్రానిక్ వాద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష) సందేశాలుగా బయటికి వెళ్తుంది. "ఫలానా స్వరం మొదలైంది, శ్వాస ఇంత ఉంది, స్వరం ఆగింది" అని చెప్పడం వరకే దాని పని. శబ్దం చేసేది అవతల ఉన్న సింథో, కంప్యూటరో, ఫోనో. ఆ కనెక్షన్ తీసేస్తే మీ ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. ఈ ఒక్క సంగతి మనసుకి పట్టక కొన్న మర్నాడే నీరసపడిన వాళ్లని చాలామందిని చూశాను.

మామూలు హార్మోనికాకి మైకు, ఎఫెక్ట్ పెడల్ పెడితే ఇదే పని జరగదా?

జరగదు. పెడల్ ఎంత రంగు పూసినా కింద వినిపించేది రీడ్ శబ్దమే. మైకులోంచి వచ్చిన శబ్దాన్ని స్వరాలుగా గుర్తుపట్టి మిడిగా మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది గానీ, అది ముందు విని తర్వాత పోల్చుకోవాలి. మధ్య స్థాయి C, అంటే సుమారు 262 హెర్ట్జ్ స్వరంలో ఒక్క కంపనం పూర్తవడానికే దాదాపు 4 మిల్లీసెకన్లు పడుతుంది. నమ్మకంగా గుర్తుపట్టాలంటే అలాంటివి కొన్ని దాటాలి. రెండు స్వరాలు కలిసి పలికితే ఇక తడబాటే. కంట్రోలర్‌కి ఈ ఊహించే పని లేదు, ఏ రంధ్రంలో గాలి కదిలిందో దానికి ముందే తెలుసు.

అయితే మైకు దగ్గర ఉండే సుఖాలు ఇందులో పోతాయి. చేతులతో కప్పి తెరిచే "వా వా", గొంతులోంచి వచ్చే వణుకు, రీడ్ గరగర, ఇవేవీ రావు. బ్లూస్ వాయించడమే మీ కోరికైతే మంచి మైకు, చిన్న ఆంప్ కొనుక్కోండి. ఇది మీకు కాదు.

ఇది కొత్తగా వచ్చిన ఆలోచనా?

కాదు. ఊపిరితో ఎలక్ట్రానిక్ శబ్దాన్ని నడిపే లిరికాన్ 1970లలోనే ఉంది. యమహా 1983లో తెచ్చిన డీఎక్స్7 కీబోర్డుకి నోట్లో పెట్టుకునే బ్రెత్ కంట్రోలర్ తగిలించుకునే సాకెట్ ఉండేది. మిడి ప్రమాణం వచ్చింది కూడా ఆ ఏడాదే. హార్మోనికా వైపు నుంచి 1980ల మొదట్లో మిలియనైజర్ 2000 అనే యంత్రం వచ్చింది. 1987లో అకాయ్ ఈడబ్ల్యూఐ, యమహా డబ్ల్యూఎక్స్7 అనే విండ్ కంట్రోలర్లు (ఊది నడిపేవి) దిగాక సాక్సోఫోన్ తరహా నిలదొక్కుకుంది, హార్మోనికా తరహా వెనకబడింది. కారణం సెన్సర్ల లెక్కే అని నా అనుమానం. సాక్సోఫోన్ తరహాకి నోటి దగ్గర ఒక్క సెన్సర్ చాలు, దీనికి రంధ్రానికొకటి కావాలి. సెన్సర్లు చిన్నవై చవకయ్యాకే స్వీడన్‌కి చెందిన లేఖోమ్ వారి డీఎమ్48 లాంటి 12 రంధ్రాల క్రోమాటిక్ (అర్ధస్వరాలతో సహా అన్ని స్వరాలూ పలికే) కంట్రోలర్లు వీలయ్యాయి.

నేను పది రంధ్రాల డయాటోనిక్ వాయిస్తాను. 12 రంధ్రాల క్రోమాటిక్ ఆకారం నాకు పనికొస్తుందా?

డయాటోనిక్ అంటే ఒకే స్కేలు స్వరాలకు కట్టిన హార్మోనికా. స్వరాల అమరిక మార్చుకునే వీలున్న కంట్రోలరైతే పనికొస్తుంది. ఏ రంధ్రానికి ఏ స్వరం అన్నది లోహంలో లేదు, ఒక పట్టికలో ఉంది. మామూలు క్రోమాటిక్‌లో ఊదితే C E G C, పీలిస్తే D F A B, పక్కనుండే మీట, అంటే స్లైడ్, నొక్కితే అన్నీ అర్ధస్వరం పైకి. దాని బదులు మీకలవాటైన రిక్టర్ అమరికను (మామూలు డయాటోనిక్‌లో ఉండే స్వరాల వరస) మొదటి పది రంధ్రాల్లో దింపుకోవచ్చు. మూడో రంధ్రంలో ఊదే స్వరాన్ని ఒక పూర్తి స్వరం పెంచితే ప్యాడీ రిక్టర్, ఐదో రంధ్రంలో పీల్చే స్వరాన్ని అర్ధస్వరం పెంచితే కంట్రీ ట్యూనింగ్. రీడ్లను ఆకురాయితో గీకి చేసుకునే మార్పులన్నీ ఇక్కడ అంకె దిద్దినంత తేలిక. శ్రుతి మార్చడానికి ఇంకో హార్మోనికా కూడా అక్కర్లేదు. రంధ్రాల మధ్య ఎడం, మౌత్‌పీస్ మందం మాత్రం వేరు. పెదాలు సర్దుకోవడానికి రెండు వారాలు ఇవ్వండి.

హార్మోనికా అస్సలు రాదు. నేరుగా దీంతోనే మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు గానీ నేనైతే వద్దంటాను. అసలు హార్మోనికాలో పెదాలు వదులైతే పక్క స్వరం వెంటనే బయటపడి మీ తప్పు మీకు వినిపిస్తుంది. కంట్రోలర్‌లో కాస్త లీకైన గాలిని సెట్టింగు దాచిపెడుతుంది. మూడు నెలలు ఒక మామూలు వాద్యంతో ఒంటి స్వరం శుభ్రంగా పలికించడం నేర్చుకుని రండి.

సాక్సోఫోన్ తరహా విండ్ కంట్రోలర్ ఉండగా దీంతో అదనపు లాభం ఏంటి?

రెండున్నాయి. ఒకటి, పీల్చేటప్పుడు కూడా స్వరం వస్తుంది. ఊదే వాద్యాల్లో ఊపిరి తీసుకోవడానికి పదాన్ని ఎక్కడో తెంపాలి. ఇక్కడ ఊపిరి తీసుకోవడమే వాయించడం. రెండోది, ఒకేసారి రెండు మూడు స్వరాలు, కార్డ్‌లు. వేళ్లతో చకచకా పరుగెత్తే విషయంలో మాత్రం సాక్సోఫోన్ తరహాదే పైచేయి, దాన్ని ఒప్పుకోవాల్సిందే.

## మొదటి రోజు

ఊదుతున్నాను, లైటు వెలుగుతోంది, శబ్దం మాత్రం లేదు. పాడైపోయిన పీస్ వచ్చిందా?

పీస్ బాగానే ఉండి ఉంటుంది. మిడి సందేశాలను చూపించే చిన్న మానిటర్ యాప్ తెరిచి ఊదండి. అంకెలు కదులుతుంటే కంట్రోలర్ తన పని చేస్తున్నట్టే. ఇక చూడాల్సినవి మూడు: సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్‌గా ఈ పరికరం ఎంపికైందా, మిడి చానల్ రెండువైపులా ఒకటేనా, శ్వాస సరైన కంట్రోల్ నంబరు మీద వెళ్తోందా (ఈ నంబర్ల సంగతి కింది ప్రశ్నలో ఉంది). చిక్కు ఎక్కువగా ఈ మూడోదాని దగ్గరే ఉంటుంది. ఆడియో మోడలింగ్ వారి స్వామ్ లాంటి ఫిజికల్ మోడలింగ్ వాద్యాలు (వాద్యం పనితీరును లెక్కగట్టి శబ్దం చేసే సాఫ్ట్‌వేర్) ఎక్స్‌ప్రెషన్ సందేశం అందేదాకా నోరు మెదపవు. మీరు బ్రెత్ పంపుతుంటే, అది ఎక్స్‌ప్రెషన్ కోసం కాచుకుని కూర్చుంటుంది.

సీసీ 2, సీసీ 7, సీసీ 11 అంటున్నారు. వీటిలో ఏది పెట్టాలి?

సీసీ అంటే మిడిలో కంట్రోల్ నంబరు. 2 బ్రెత్‌కి, 7 వాల్యూమ్‌కి, 11 ఎక్స్‌ప్రెషన్‌కి. ప్రతిదానికీ విలువ 0 నుంచి 127 దాకా. ముందు 11తో మొదలుపెట్టండి, ఎక్కువ సింథ్‌లు దానికి బదులిస్తాయి. ఊపిరి కోసమే తయారుచేసిన ప్యాచ్ (సింథ్‌లో సిద్ధంగా ఉంచిన శబ్దం) అయితే 2 పెట్టండి, శబ్దం పెరగడంతో పాటు నాదం రంగు కూడా మారుతుంది. 7 జోలికి పోవద్దు. అది మిక్సింగ్‌లో మొత్తం స్థాయి పెట్టుకోవడానికి. దాన్ని ఊపిరికి కడితే మిక్సర్ మీద మీరు పెట్టుకున్న లెవెల్ ప్రతి ఊపుకీ చెదిరిపోతుంది.

మెల్లగా ఊదినా గట్టిగా పలుకుతోంది. మధ్యస్థాయి అనేదే లేదు.

బ్రెత్ కర్వ్ మార్చుకోవాలి. మీ ఊపిరి ఎంతైతే శబ్దం ఎంతవ్వాలో చెప్పే గీత అది. మొదట్లో చదునుగా ఉండి చివర్లో లేచే గీత పెడితే మెల్లని స్వరాలకు చోటు దొరుకుతుంది. మొదట్లోనే లేచే గీత పెడితే కొద్ది ఊపిరికే నిండైన శబ్దం. గరిష్ఠ పీడనాన్ని మీ ఊపిరికి తగ్గట్టు పెట్టుకోండి. బుగ్గలు పగిలేలా ఊదితే గానీ 127 రాకూడదు అనుకోవద్దు, మామూలుగా గట్టిగా వాయించినప్పుడు 110 దగ్గర ఉంటే బాగు. పీల్చడానికి వేరే గీత పెట్టే వీలుంటే తప్పకుండా పెట్టండి. చాలామందికి పీల్చే బలం, ఊదే బలం సమానంగా ఉండవు. నా వాద్యంతో నాకు స్నేహం కుదిరింది ఈ గీత దిద్దాకే. అంతకుముందు నెల రోజులూ వాద్యాన్నే తిట్టుకున్నాను.

పియానో శబ్దం పెట్టాను. ఊపిరి పెంచినా ఏ మార్పూ లేదేంటి?

పియానోకి తెలిసేది స్వరం మొదలైన క్షణంలో తగిలిన దెబ్బ ఒక్కటే. మిడిలో దాన్ని వెలాసిటీ అంటారు. మీట నొక్కాక పియానిస్టు కూడా ఆ స్వరాన్ని పెంచలేడు కదా. పియానో, గిటార్, గంటల శబ్దాలకు వెలాసిటీని ఊపిరి తొలి ఊపుకి కట్టండి, నాలుకతో "త" అన్నట్టు కొట్టండి. వయొలిన్, వేణువు, బ్రాస్ లాంటి సాగే శబ్దాలకు వెలాసిటీని స్థిరంగా ఉంచి, అంతా ఊపిరికే వదిలేయండి.

హార్మోనికా శబ్దమే పెట్టి చూస్తే చెత్తగా ఉంది. ఎందుకు?

జనరల్ మిడి అనే ఉమ్మడి శబ్దాల జాబితాలో 23వ శబ్దం హార్మోనికానే, అకార్డియన్‌కీ ట్యాంగో అకార్డియన్‌కీ మధ్యన ఉంటుంది. మామూలు సింథ్‌లలో అది స్వరానికొక రికార్డింగ్‌ని సాగదీసి వాయించినట్టు ఉంటుంది. అసలు రీడ్ శ్వాసను బట్టి, నోటి ఆకారాన్ని బట్టి ప్రతి క్షణం మారుతుంది, మీ చెవి దానికి అలవాటుపడింది. హార్మోనికా శబ్దం కావాలంటే జేబులో హార్మోనికా ఉండనే ఉంది. దీన్ని కొన్నది అది చేయలేని శబ్దాల కోసం.

## సాధనలో

ఒక స్వరం ఊదితే పక్క స్వరం కూడా పలుకుతోంది.

త్రెషోల్డ్ కాస్త పెంచండి. స్వరం మొదలవడానికి కావలసిన కనీస పీడనం అది. మరీ పెంచితే మెల్లగా మొదలయ్యే స్వరాలు పలకకుండా పోతాయి. అందుకని మొదట పెదాలు సరిచేసుకుని, తర్వాతే సెట్టింగు ముట్టుకోండి. ఒకేసారి ఒక్క స్వరమే పలికే మోనో మోడ్ ఉంటే పాట వాయించేటప్పుడు అది వేసుకోవడంలో తప్పులేదు.

ఊదడం నుంచి పీల్చడానికి మారితే స్వరం తెగిపోతోంది. కలిపి పలికించేదెలా?

ఊపిరి దిశ మారాలంటే పీడనం సున్నా మీదుగా వెళ్లాల్సిందే, ఆ రెప్పపాటులో స్వరం ఆగుతుంది. మామూలు హార్మోనికాలోనూ ఇది ఉంది గానీ రీడ్ కంపనం, గది ప్రతిధ్వని కప్పేస్తాయి. సింథ్ నిక్కచ్చిగా తెంపుతుంది. శబ్దం రిలీజ్ సమయాన్ని (స్వరం ఆగాక శబ్దం పూర్తిగా తగ్గడానికి పట్టేది) 80 నుంచి 150 మిల్లీసెకన్ల మధ్య పెట్టి, కొద్దిగా రివర్బ్ కలపండి. చాలావరకు అతుకు కనపడదు. స్లైడ్‌తో దొరికే ప్రత్యామ్నాయ స్వరాలను వాడుకుని దిశ మార్పులను తగ్గించుకోవడం అసలైన మందు. ఉదాహరణకు, C అమరికలో E ఊదుతూ స్లైడ్ నొక్కితే F వస్తుంది, దానికోసం పీల్చనక్కర్లేదు.

నోటితో బెండ్ చేస్తే స్వరం వంగడం లేదు. సెన్సర్ పోయిందా?

పోలేదు. నోటితో చేసే బెండ్ దీంట్లో పనిచేయదు, ఎంత నేర్పరి చేసినా సరే.

డయాటోనిక్‌లో ఒక రంధ్రానికి రెండు రీడ్లు, ఒకటి ఊదడానికి, ఒకటి పీల్చడానికి. C హార్మోనికా మూడో రంధ్రంలో పీలిస్తే B, ఊదితే G. పీలుస్తూ నాలుక వెనక్కి లాగి నోటి గుహ ఆకారం మార్చినప్పుడు, ఆ గుహ ప్రతిధ్వనికి లోబడి రెండు రీడ్లూ కలిసి స్వరాన్ని కిందికి దింపుతాయి. అలా B నుంచి మూడు అర్ధస్వరాలు, A ఫ్లాట్ దాకా దిగొచ్చు. అంటే బెండ్ మొత్తం రీడ్లకూ నోటికీ మధ్య జరిగే బేరం. కంట్రోలర్‌లో రీడ్లు లేవు, సెన్సర్‌కి పీడనం తప్ప నోటి ఆకారం తెలియదు. మీరు నాలుక వెనక్కి లాగినా లాగకపోయినా దానికి ఒకటే.

కాబట్టి బెండ్‌ని ఇంకోచోటికి తరలించాలి. కొందరు గట్టిగా ఊదితే స్వరం వంగేలా పెట్టుకుంటారు. అలవాటుకి దగ్గరే గానీ శబ్దం పెరగడమూ స్వరం వంగడమూ ఒకదానికొకటి అంటుకుపోతాయి, మెల్లగా వంచడం కుదరదు. కొందరు వాద్యాన్ని పైకీ కిందికీ వంచితే పనిచేసేలా పెడతారు, కొందరు ఫుట్ పెడల్ వాడతారు. నా ఓటు వేలికి. స్లైడ్ ఎంత లోపలికి వెళ్లిందో కొలిచే రకమైతే సగం నొక్కితే సగం వంగుతుంది. నోటికి అలవాటైన పనిని వేలికి నేర్పడం మొదట చిరాకే. నాకు ఆరు వారాలు పట్టింది.

గమకాలు పలుకుతాయా?

పలుకుతాయి. నిజానికి నేను ఈ వాద్యం పట్టుకున్నదే దానికోసం. మామూలు క్రోమాటిక్ హార్మోనికాలో స్లైడ్‌ని టకటకా కొడితే రెండు స్థిర స్వరాలు మారుతూ వినిపిస్తాయి, అది కంపితం కాదు. నోటి బెండ్‌తో జారు కొంతవరకు వస్తుంది గానీ అన్ని స్వరాలకూ రాదు. ఇక్కడ పిచ్ బెండ్‌ని, అంటే స్వరాన్ని వంచే మిడి సందేశాన్ని, వేలితో నడిపితే స్వరాల మధ్య ఉన్న దారంతా మీదే.

మొదట చేయాల్సిన పని బెండ్ పరిధి సరిచూడటం. చాలా సింథ్‌లు అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాలతో వస్తాయి. షడ్జం నుంచి పై షడ్జానికి జారాలంటే 12 కావాలి. కంట్రోలర్‌లోనూ సింథ్‌లోనూ ఒకే అంకె ఉండాలి. ఒకవైపు 12, మరోవైపు 2 ఉంటే మీరు పై షడ్జం దాకా జారానని అనుకుంటారు, వినిపించేది రిషభం దగ్గరే ఆగిపోతుంది. పరిధి పెంచితే జారుడు మెట్లు మెట్లుగా వినిపిస్తుందేమోనన్న భయం అక్కర్లేదు. పిచ్ బెండ్‌కి మొత్తం 16,384 మెట్లున్నాయి, 12 పరిధిలో కూడా ఒక అర్ధస్వరానికి 680కి పైనే దక్కుతాయి.

శ్రుతి కూడా మీరే నడుపుతుంటే దాన్ని వేరే మిడి చానల్ మీద పెట్టండి. పిచ్ బెండ్ చానల్ మొత్తానికీ వర్తిస్తుంది. ఒకే చానల్ మీద ఉంటే తోడి గాంధారం ఊపినప్పుడల్లా శ్రుతి కూడా ఊగుతుంది. ఒకసారి వింటే జన్మలో మళ్లీ ఆ తప్పు చేయరు.

ఊదాక కొంచెం ఆలస్యంగా పలుకుతున్నట్టు ఉంది. ఎంత ఆలస్యం మామూలు?

పది మిల్లీసెకన్లలోపు ఉంటే పట్టించుకోకండి. స్పీకర్‌కి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడితే గాలిలోనే అంత ఆలస్యం అవుతుంది. కంప్యూటర్‌లో ఆడియో బఫర్ (ఒక్కో విడతలో సిద్ధం చేసే శబ్దపు ముక్క) చూడండి. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్లంటే దాదాపు 3 మిల్లీసెకన్లు, 512 అంటే 12కి దగ్గర. 128 పెట్టి, చిటపట శబ్దం వస్తే 256కి వెళ్లండి. ఆలస్యం ఇంకా ఉంటే శబ్దాన్నే అనుమానించండి, చాలా వయొలిన్ ప్యాచ్‌లు మెల్లగా లేచేలా తయారై ఉంటాయి.

## స్టేజీ మీద, రికార్డింగ్‌లో

బ్లూటూత్ మీద వాయించొచ్చా?

మిడి వరకు ఫర్వాలేదు. బ్లూటూత్ మిడిలో సందేశాల మధ్య కనీస విరామం 7.5 మిల్లీసెకన్లు, ఇంట్లో సాధనకి చాలు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు మాత్రం వద్దు, వాటి ఆలస్యం తరచుగా వంద మిల్లీసెకన్లు దాటుతుంది, మీ వేలికీ చెవికీ మధ్య పొంతన పోతుంది. స్టేజీ మీద రెండూ వైరుతోనే పెట్టుకోండి.

స్వరం ఆగకుండా మోగుతూనే ఉంది, ఏం చేయాలి?

స్వరం ఆగిందన్న సందేశం దారిలో తప్పిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో పానిక్ బటన్ ఉంటుంది. లేకపోతే సీసీ 123ని ఏదో ఒక మీటకు కట్టుకోండి, "అన్ని స్వరాలూ ఆపు" అని దాని అర్థం. వాయిస్తూ ఉండగా ప్యాచ్‌ని గానీ స్వరాల అమరికను గానీ మార్చడం దీనికి మామూలు కారణం. ముందు నోరు తీయండి, తర్వాత మార్చండి.

రికార్డు చేసేటప్పుడు ఆడియోనా, మిడినా?

రెండూ. మిడి ఉంటే తర్వాత శబ్దం మార్చుకోవచ్చు, తప్పిన స్వరం ఒక్కటీ దిద్దుకోవచ్చు. అయితే ఊపిరి గీత మీరు ఆ రోజు విన్న శబ్దానికి తగ్గట్టు నడిచింది. అదే మిడికి వేణువు తీసేసి ట్రంపెట్ పెడితే, ఎక్కడో ఊపిరి చాలనట్టు వినిపిస్తుంది. అలాంటప్పుడు దిద్దుతూ కూర్చోకండి, మళ్లీ వాయించండి. అదే త్వరగా తెములుతుంది.

ఏ శబ్దాలు దీనికి బాగా నప్పుతాయి?

ఊపిరితో పెరిగి తరిగేవన్నీ. వేణువు, ఓబో, మ్యూట్ పెట్టిన ట్రంపెట్, సోలో చెల్లో. 1996లో వచ్చిన యమహా వీఎల్70ఎమ్ పెట్టెను ఊపిరి వాద్యకారులు ఇప్పటికీ వెతుక్కోవడానికి కారణం ఇదే. అది రికార్డింగ్‌లను వాయించదు, గొట్టంలో గాలి ఎలా కదులుతుందో లెక్కగట్టి శబ్దం పుట్టిస్తుంది. పాత పద్ధతి సింథ్ శబ్దాలు కూడా బ్రహ్మాండంగా ఉంటాయి. ఒక సా-టూత్ శబ్దం (రంపపు పళ్ల ఆకారపు తరంగం) తీసుకుని ఊపిరిని ఫిల్టర్ కటాఫ్‌కి, అంటే శబ్దంలోని పై పౌనఃపున్యాలను ఎక్కడ కోయాలో చెప్పే అంకెకి, కట్టండి. మెల్లగా ఊదితే మూగగా, గట్టిగా ఊదితే విచ్చుకుంటూ, పది నిమిషాల్లో సొంత గొంతు తయారవుతుంది.

కార్డ్‌లకు ఆర్గాన్, స్ట్రింగ్స్ బాగుంటాయి. ఊపిరి బరువు కార్డ్ మొత్తం మీద పడటంతో అకార్డియన్ బెలోస్ లాగినట్టు ఉంటుంది. డ్రమ్స్ కూడా ప్రయత్నించాను. నవ్వులపాలయ్యాను.

ఎమ్‌పీఈ ఉన్నదే కొనాలా?

ఎమ్‌పీఈ అంటే మిడి పాలీఫోనిక్ ఎక్స్‌ప్రెషన్. కార్డ్‌లో ఒక్క స్వరాన్ని మాత్రం వంచాలనుకుంటే కొనండి. 2018లో ప్రమాణంగా ఆమోదించిన ఈ పద్ధతిలో ప్రతి స్వరానికీ ఒక చానల్ దక్కుతుంది, అందుకే బెండ్ దేనికదే. ఒంటి స్వరాలతో పాట వాయించేవాళ్లకు అవసరం లేదు. ఊపిరి ఎలాగూ ఒక్కటే.

## వాడకం, శుభ్రత

లోపల తేమ చేరితే పాడవుతుందా?

తేమ చేరక తప్పదు, అది సెన్సర్ దాకా పోకుండా చూడాలి. వాయించాక మౌత్‌పీస్ కిందికి ఉంచి అరచేతిలో తట్టండి, విడదీయగలిగితే కడిగి పూర్తిగా ఆరాక బిగించండి. గాలి బయటికి పోయే సన్నని దారులు మూసుకుపోతే ఊదడం బరువుగా అనిపిస్తుంది, పాడైందనుకోకముందు వాటిని చూడండి. ఆల్కహాల్ కలిసిన ద్రావణాలు సెన్సర్ వైపు చల్లకండి.

ఆన్ చేయగానే కొన్ని స్వరాలు వాటంతటవే మోగుతున్నాయి.

కొన్ని పరికరాలు ఆన్ అయిన క్షణంలో ఉన్న పీడనాన్నే సున్నాగా తీసుకుంటాయి. అప్పుడు నోరు మౌత్‌పీస్ మీద ఉంటే లెక్క తప్పుతుంది. ఒక కచేరీకి ముందు తొందరలో నేను చేసింది ఇదే, మొదటి పాట పూర్తయ్యేదాకా కారణం తట్టలేదు. చల్లని చోటి నుంచి వేడి దీపాల కిందికి వచ్చినా ఆ సున్నా స్థానం పక్కకి తప్పుతుంది. ఆఫ్ చేసి, పక్కన పెట్టి, నోరు దూరంగా ఉంచి మళ్లీ ఆన్ చేయండి.

చేతులు కదపలేని మనిషి దీన్ని వాయించగలరా?

స్లైడ్ లేకుండా ఉండే అమరిక వేసి, మెడకు స్టాండు తగిలిస్తే కొంతవరకు వాయించొచ్చు. పూర్తిగా ఆ అవసరం కోసమే తయారైన వాద్యం జామ్‌బాక్స్. మౌత్‌పీస్‌ని నోటితోనే పక్కలకు జరుపుతూ స్వరం ఎంచుకుంటారు, ఊదడం పీల్చడంతో పలికిస్తారు. ఈ అవసరం ఉన్నవాళ్లు ముందు దాన్ని చూసి, తర్వాత మామూలు కంట్రోలర్ సంగతి ఆలోచించండి. మెడ మీద పడే బరువు, వరసగా ఎంతసేపు వాయించగలరన్నది స్వరాల సంఖ్య కన్నా ముఖ్యం.